కీమోకి లొంగని క్యాన్సర్ కణం ఏం చేస్తుంది?

క్యాన్సర్ తిరగబెట్టిందని తెలిసిన రోజున చాలా ఇళ్ళల్లో ముందు మొదలయ్యేది తప్పెవరిదన్న వెతుకులాట. పథ్యం సరిగ్గా చేయలేదనో, మొదట్లోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బాగుండేదనో, ఎవరో చెప్పారని ఆకు పసరు తాగించడం వల్లనో అని తలా ఒక మాట అంటారు. పేషెంట్ అయితే పైకి అనకపోయినా లోపల తననే నిందించుకుంటారు. దీంతోపాటు ఇంకో మాట కూడా తరచూ వినిపిస్తుంది: "ఒంటికి మందు అలవాటైపోయింది, అందుకే ఇప్పుడు పట్టట్లేదు."

ఒంటికి ఏ మందూ అలవాటు కాలేదు. రెండోసారి అదే కీమో ఎక్కించినా జుట్టు మొదటిసారి లాగే రాలుతుంది, నోట్లో పుళ్ళు వస్తాయి, తెల్ల కణాల కౌంట్ పడిపోతుంది. జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ, వీటిలోని కణాలు కూడా క్యాన్సర్ కణాల్లాగే గబగబా విభజన చెందేవే, అన్ని సైకిల్సూ అవి కూడా భరించినవే, అయినా మందుని తట్టుకునే స్థితికి అవి రావు. గడ్డలోని కణాలే ఎందుకు తట్టుకుంటాయన్నది తెలిస్తే ఇంట్లో ఒకరినొకరు అనుకునే మాటలు కొన్నైనా తగ్గుతాయి, డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు కూడా మారతాయి.

ఈ సమస్య వయసు కీమో వయసంత. 1942 ఆగస్టులో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో, లూయీ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ చేసిన పరిశోధన ఆధారంగా, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ముదిరిపోయి రేడియేషన్‌కి కూడా లొంగని ఒక పేషెంట్‌కి నైట్రోజన్ మస్టర్డ్ ఎక్కించారు. యుద్ధంలో విషవాయువుగా వాడిన మస్టర్డ్ గ్యాస్‌కి ఈ మందు దగ్గరి చుట్టం. గడ్డలు కొద్ది రోజుల్లోనే కరిగిపోయాయి, అందరూ ఆశ్చర్యపోయారు. కొన్ని వారాలకి మళ్ళీ వచ్చాయి. రెండో కోర్సు ఇస్తే తగ్గాయి గానీ ఆ తగ్గడం ఎక్కువ రోజులు నిలవలేదు, మూడో కోర్సుకి ఇంకా తక్కువ. డిసెంబర్‌లో ఆయన చనిపోయారు. ఆధునిక కీమో తీసుకున్న మొట్టమొదటి పేషెంట్లలో ఒకరి ఒంట్లోనే, మందుకి కణం లొంగకపోవడమనే ఈ రెసిస్టెన్స్ కథంతా మొదటి నుంచి చివరి దాకా నడిచింది.

ఆరేళ్ళకి, 1948లో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశాడు. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో పోయేవారు. 16 మందికి ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మందు తయారైంది లెడర్లీ కంపెనీ ప్రయోగశాలల్లో, అక్కడి పరిశోధనకి నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం నుంచే వచ్చింది, ఈరోజుకీ పిల్లల లుకేమియా వైద్యంలో అది లేని పద్ధతి లేదనే చెప్పాలి. అయితే ఫార్బర్ తన పేపర్‌లోనే రాశాడు, ఈ ఉపశమనం తాత్కాలికమేనని. నెలలు గడిచేసరికి జబ్బు తిరగబెట్టింది, ఈసారి అదే మందుకి లొంగలేదు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. ఆయన బృందం ఇచ్చిన మందు ఎందుకు పనిచేయడం మానేస్తుందన్న ప్రశ్నకి జవాబు మాత్రం తర్వాతి ముప్పై ఏళ్ళలో ముక్కలు ముక్కలుగా దొరికింది.

మొదటి ముక్క 1952లో లాయిడ్ లా అనే శాస్త్రవేత్త దగ్గర దొరికింది. ఆయన ప్రశ్న చాలా సూటిది. మందు తగిలాక కణం మారుతోందా, లేక మందు రాకముందే మారిపోయిన కణాలు కొన్ని ఆ గుంపులో ఉన్నాయా? ఎలుకల లుకేమియా కణాలని కొద్ది కొద్దిగా తీసి వేరువేరు గుంపులుగా పెంచి, తర్వాత మెథోట్రెక్సేట్ జాతి మందుని వాటి మీద ప్రయోగించి, ఏ గుంపులో ఎన్ని కణాలు బతికాయో లెక్కపెట్టాడు. మందే కణాన్ని మారుస్తుంటే అన్ని గుంపుల్లోనూ బతికినవాటి సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి, ఎందుకంటే అన్నిటికీ ఒకే మందు తగిలింది. అలా రాలేదు. ఒక గుంపులో ఎక్కువ, ఇంకో గుంపులో దాదాపు ఏమీ లేవు. అంటే గుంపు పెరుగుతున్నప్పుడే ఎక్కడో ఒక కణంలో యాదృచ్ఛికంగా మ్యుటేషన్, అంటే జీన్‌లో మార్పు, వచ్చింది. అది తొందరగా వచ్చిన గుంపులో దాని సంతానం ఎక్కువ, ఆలస్యంగా వచ్చిన చోట తక్కువ. సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ 1943లో బ్యాక్టీరియా మీద చేసిన పరీక్షనే ఆయన క్యాన్సర్ మీద చేసి చూపించాడు. మందు చేసింది ఏరివేత. లొంగే కణాలని చంపేసి, అప్పటికే లొంగని కణాలకి చోటు ఖాళీ చేసిపెట్టింది.

లెక్కల్లో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయి, స్కాన్‌లో మనకి అది చిన్న చుక్క. పది లక్షల కణాల్లో ఒకటి ఏదో ఒక మందుకి ముందే లొంగనిదై పుట్టిందనుకుంటే, ఆ చుక్కలో మొదటి సీసా ఎక్కించకముందే వెయ్యి లొంగని కణాలు కూర్చుని ఉన్నట్టు. ఇక మందు అద్భుతంగా పనిచేసి వెయ్యిలో 999 కణాలని చంపిందనుకుందాం, అప్పుడు కూడా మిగిలేవి పది లక్షలు. ఏ స్కాన్‌కీ అవి కనపడవు. రిపోర్టులో "గడ్డ లేదు" అని వస్తుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అది నిజంగా సంతోషించాల్సిన విషయమే. కానీ గడ్డ కనపడకపోవడానికీ క్యాన్సర్ కణం మిగలకపోవడానికీ మధ్య లక్షల కణాల తేడా ఉంది. లుకేమియాలో ఇది ఇంకా పెద్దది, జబ్బు బయటపడే నాటికి ఒంట్లో లక్ష కోట్ల దాకా జబ్బు కణాలు ఉంటాయి, మైక్రోస్కోప్‌లో చూసి తగ్గిందని చెప్పినప్పుడు కూడా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. అందుకే ఇప్పుడు పిల్లల లుకేమియాలో ఎంఆర్‌డీ అనే పరీక్ష చేస్తారు, పదివేల కణాల్లో ఒక్క జబ్బు కణం మిగిలినా అది పట్టుకోగలదు. మామూలు కణాలు ఎందుకు లొంగని రకాలుగా తయారవవన్నదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. వాటి డీఎన్ఏ కాపలా వ్యవస్థలు చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి మ్యుటేషన్లు తక్కువ, ఒకవేళ ఒక కణంలో వచ్చినా అది ఇష్టమొచ్చినట్టు పెరిగి మిగతావాటి చోటు ఆక్రమించే వీలు లేదు.

లొంగని కణం లోపల ఏం జరుగుతోందన్నది రెండో ముక్క, అది 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ ల్యాబ్‌లో దొరికింది. మెథోట్రెక్సేట్ కణంలో డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. ఆ ఎంజైమ్ ఆగిపోతే ఫోలేట్ అనే విటమిన్ పనికొచ్చే రూపంలో అందదు, అది లేకపోతే డీఎన్ఏ కట్టడానికి సరుకు ఉండదు, విభజన మధ్యలో కణం చచ్చిపోతుంది. షిమ్కీ బృందం డోసు కొంచెం కొంచెం పెంచుతూ నెలల తరబడి కణాలని పెంచింది. చివరికి మిగిలిన కణాల్లో ఆ ఎంజైమ్ తయారుచేసే జీన్ ఒకటి రెండు కాదు, వందల కాపీలు ఉంది. ఎంజైమ్ అంత మోతాదులో తయారవుతుంటే మందు ఎంతని అడ్డుకోగలదు?

ఈ కాపీలు కొన్ని కణాల్లో క్రోమోజోమ్ లోపలే వరసగా పేరుకుని ఉంటాయి, అవి స్థిరం. ఇంకొన్ని కణాల్లో క్రోమోజోమ్ నుంచి విడిపోయి చిన్న చిన్న జంట చుక్కల్లా విడిగా తిరుగుతుంటాయి. కణం రెండుగా చీలినప్పుడు క్రోమోజోమ్‌లని చెరిసగం పంచిపెట్టే సెంట్రోమియర్ అనే పట్టు ఈ చుక్కలకి ఉండదు, కాబట్టి పంపకం సమంగా జరగదు, ఒక పిల్ల కణానికి 60 వస్తే ఇంకోదానికి 20 రావచ్చు. మందు ఉన్నంతకాలం ఎక్కువ వచ్చిన కణానిదే పైచేయి. మందు తీసేస్తే పరిస్థితి తిరగబడుతుంది, ఈ బరువు మోసే కణాలు నెమ్మదిగా పెరుగుతాయి, తక్కువ కాపీలున్నవి వాటిని దాటేస్తాయి, కొన్ని తరాల తర్వాత ఆ గుంపు మళ్ళీ మందుకి లొంగుతుంది. లొంగకపోవడమన్నది ఎప్పుడూ శాశ్వతం కాదని, దానికి కణం చెల్లించే ఖరీదు ఒకటి ఉంటుందని ఇక్కడ మొదటిసారి స్పష్టంగా కనపడింది. ఈ విషయం కింద మళ్ళీ వస్తుంది.

ఒక్క మెథోట్రెక్సేట్ విషయంలోనే కణానికి ఇంకా దారులున్నాయి. మందుని లోపలికి తెచ్చే ద్వారం ప్రోటీన్‌ని తగ్గించేయడం ఒకటి, ఎంజైమ్ ఆకారాన్ని కాస్త మార్చుకుని మందు అతుక్కోకుండా చేయడం ఇంకొకటి, లోపలికొచ్చిన మందు బయటికి జారిపోకుండా కణం దానికి తగిలించే గ్లూటమేట్ తోకని తగిలించడం మానేయడం మరొకటి. ఒకే పేషెంట్‌లో రెండు మూడు దారులు పక్కపక్కనే ఉండొచ్చు. అందుకే "రెసిస్టెన్స్‌కి మందు" అని ఒక్కటి రాలేదు, వచ్చే అవకాశమూ లేదు.

ఇక అందరికంటే ఎక్కువ పేరున్నది పంపు. 1970ల్లో శాస్త్రవేత్తలని తికమక పెట్టిన విషయం ఒకటి ఉండేది. కణాలని ఒక్క మందుకి అలవాటు చేస్తే, అవి జీవితంలో ఎప్పుడూ చూడని, ఆ మందుతో ఏ పోలికా లేని వేరే మందులకి కూడా లొంగడం లేదు. 1976లో టొరంటోలో రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్ దీనికి కారణం పట్టుకున్నారు. చైనీస్ హామ్‌స్టర్ అనే చిట్టెలుక జాతి అండాశయ కణాలు, కాల్చిసిన్ అనే మందుకి లొంగనివి. వాటి పై పొరలో ఒక పెద్ద ప్రోటీన్ కుప్పలుగా ఉంది, లొంగే కణాల్లో అది కనపడలేదు. అదే పీ-గ్లైకోప్రోటీన్.

ఇది పనిచేసే తీరు గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర, చాలా కీమో మందులు కొవ్వులో కరిగేవి కాబట్టి ఆ పొరలోకి సులువుగా దిగి అక్కడి నుంచి లోపలికి పోతాయి. ఈ పంపు మందు లోపలికి వచ్చేదాకా ఆగదు, పొరలో ఉండగానే పట్టుకుని, కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టి తన ఆకారాన్ని తిప్పుకుని బయటికి నెట్టేస్తుంది. డాక్సోరుబిసిన్‌తో దీన్ని కళ్ళారా చూడొచ్చు. కీమో వార్డుల్లో ఎర్రటి సీసాలో కనపడే మందు అది, దాని మీద నీలి వెలుతురు పడితే అదే ఎర్రగా మెరుస్తుంది. లొంగే కణాలకి ఆ మందు పెట్టి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద చూస్తే కణం నడిమధ్య, డీఎన్ఏ ఉండే కేంద్రకం ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. పంపు నిండుగా ఉన్న కణాల్లో కేంద్రకం చీకటిగానే ఉంటుంది, మందు మిగిలినా అంచుల్లో చిన్న చిన్న సంచుల్లో చుక్కలు చుక్కలుగా ఉంటుంది తప్ప పని చేయాల్సిన చోటికి చేరదు. పేషెంట్ రక్తంలో మందు పూర్తి మోతాదులో తిరుగుతూ ఉండొచ్చు, గుండె మీద దాని దెబ్బ పడుతూ ఉండొచ్చు, కానీ చంపాల్సిన కణం లోపల మాత్రం మందు ఉండదు.

ఈ పంపు క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. మన పేగుల్లో, కాలేయంలో, కిడ్నీల్లో, మెదడు రక్తనాళాల గోడల్లో అది ఎప్పటి నుంచో ఉంది, మనం తినే వాటిలోని విషాలని బయటికి తోసేయడం దాని పని. కీమో మందుల్లో చాలా వాటి మూలం కూడా ఇలాంటి సహజ విషాలే. విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది, పాక్లిటాక్సెల్ అమెరికాలోని ఒక చెట్టు బెరడు నుంచి, డాక్సోరుబిసిన్ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి. వీటన్నిటినీ ఒకే పంపు ఎందుకు గుర్తుపడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. పేగు, కాలేయం, కిడ్నీ లాంటి చోట్ల పుట్టే క్యాన్సర్లు మొదటి నుంచే కీమోకి అంత సులువుగా లొంగకపోవడానికి కూడా ఇది ఒక కారణం.

మరి పంపుని మూసేస్తే సరిపోదా? అదే అనుకున్నారు, ఇరవై ఏళ్ళు ప్రయత్నించారు. 1981లో జపాన్‌లో తకషి త్సురువో బృందం బీపీ మందు వెరపమిల్‌తో ల్యాబ్‌లో పంపుని ఆపి, విన్‌క్రిస్టిన్‌కి లొంగని లుకేమియా కణాలని మళ్ళీ లొంగేలా చేసింది. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా ఉన్నది మనుషుల్లో పనిచేయలేదు. వెరపమిల్ ఆ మోతాదులో గుండెని దెబ్బతీసింది. తర్వాత దీనికోసమే తయారుచేసిన వాల్‌స్పోడార్ లాంటివి వచ్చాయి, అవి శరీరం కీమో మందుని బయటికి పంపే వేగాన్ని తగ్గించాయి, దాంతో విషప్రభావం పెరిగి కీమో డోసే తగ్గించాల్సి వచ్చింది. ఈ పంపు మామూలు కణాలకి ఎంత అవసరమో 1994లో నెదర్లాండ్స్‌లో అనుకోకుండా తెలిసింది. ఆ జీన్ తీసేసిన ఎలుకలు మామూలుగానే బతుకుతున్నాయి, ఒళ్ళంతా పురుగు పట్టిందని వాటికి ఐవర్‌మెక్టిన్ కొట్టారు, మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు, ఈ ఎలుకలు మాత్రం చచ్చిపోయాయి. మెదడు వాకిట్లో కాపలా లేకపోవడంతో మందు నేరుగా మెదడులోకి పోయింది. పైగా చాలా గడ్డల్లో పంపు అనేది ఉన్న పది కారణాల్లో ఒకటి మాత్రమే. దాని మీద పెట్టిన ఆశ పెద్దది, దక్కింది చాలా తక్కువ.

సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందుల కథ వేరు, ఈ పంపుకి వాటితో పెద్దగా సంబంధం లేదు. అవి డీఎన్ఏకి అతుక్కుని దాన్ని ముడివేసేస్తాయి. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి, కీమో మందు చాలా సందర్భాల్లో కణాన్ని నేరుగా చంపదు. దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బని చూసి "ఇది బాగయ్యేది కాదు" అని తేల్చి చావుకి సిద్ధమయ్యేది కణమే, ఆ తేల్చే పనిలో పీ53 అనే ప్రోటీన్‌ది పెద్ద పాత్ర. ఆ పీ53 చెడిపోయిన కణం దెబ్బలతోనే విభజన చెందుతూ పోతుంది. ఇంకో రకం కణం దెబ్బని బాగుచేసుకుంటుంది. బీఆర్‌సీఏ జీన్ చెడిన అండాశయ క్యాన్సర్లు ప్లాటినానికి బాగా లొంగుతాయి, ఎందుకంటే తెగిన డీఎన్ఏని సరిగ్గా అతికే పనిముట్టు వాటి దగ్గర లేదు. 2008లో రెండు బృందాలు చూపించిందేమిటంటే, లొంగకుండా తయారైన కొన్ని గడ్డల్లో ఆ చెడిపోయిన జీన్‌లోనే ఇంకో మ్యుటేషన్ వచ్చి, మొదటి తప్పుని సరిచేసి, జీన్‌ని మళ్ళీ పనిచేయిస్తోంది. క్యాన్సర్‌కి కారణమైన లోపమే మందుకి పట్టు, ఆ లోపం బాగైపోయినందుకు పేషెంట్‌కి నష్టం. వినడానికే బాధగా ఉంటుంది.

"మందు ఏరివేస్తుంది" అన్న మాటకి ఒక సవరణ కూడా అవసరం. కొన్ని కీమో మందులు డీఎన్ఏని దెబ్బతీసేవి కాబట్టి బతికిపోయిన కణాల్లో అవే కొత్త మ్యుటేషన్లు పుట్టిస్తాయి. మెదడు గడ్డలకి ఇచ్చే టెమోజోలోమైడ్ తర్వాత తిరగబెట్టిన కొన్ని గడ్డల్లో వేల కొత్త మ్యుటేషన్లు, ఆ మందు వేలిముద్ర లాంటి నమూనాతో, 2014లో బయటపడ్డాయి. ఇది అన్ని క్యాన్సర్లలోనూ జరిగేది కాదు, కీమో వద్దనడానికి కారణమూ కాదు. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ పేషెంట్ల ఆయుష్షు పెంచుతున్నది ఈరోజుకీ ఆ మందే.

గత పదిహేనేళ్ళలో బాగా ముందుకొచ్చిన విషయం ఇంకొకటి, బహుశా రెసిస్టెన్స్‌లో అన్నిటికంటే కుతూహలం కలిగించేది ఇదే. 2010లో బోస్టన్‌లో జెఫ్ సెటిల్‌మన్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద, వాటిని చంపడానికి అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందు పోసింది. అది కీమో కాదు, ఎర్లోటినిబ్ తరహా టార్గెటెడ్ మందు. దాదాపు అన్నీ చచ్చాయి, వెయ్యిలో మూడు మిగిలాయి. వాటిలో మ్యుటేషన్ ఏమీ లేదు. అవి విభజన దాదాపుగా ఆపేసి కదలకుండా పడున్నాయి. మందు తీసేస్తే మళ్ళీ పెరిగాయి, పెరిగాక మళ్ళీ అదే మందుకి లొంగాయి. అంటే జీన్ మారలేదు, కణం తన పద్ధతి మార్చుకుంది. విభజన చెందే కణాల మీదే దెబ్బ కొట్టే కీమోకి, విభజన ఆపేసిన కణం ఎలా దొరుకుతుంది? 2021లో టొరంటోలో పెద్దపేగు క్యాన్సర్ మీద కీమో మందుతోనే చేసిన పరిశోధనలో ఇంకో మాట తేలింది. కొన్ని జంతువుల్లో కరువు కాలంలో పిండం ఎదుగుదల ఆపుకుని గర్భంలోనే నిద్రాణంగా ఉండిపోతుంది, క్యాన్సర్ కణాలు కూడా కీమో సమయంలో దాదాపు అదే జీన్ కార్యక్రమాన్ని నడుపుతున్నాయి. పైగా ఈ శక్తి ఏవో కొన్ని ప్రత్యేకమైన కణాలకే కాదు, ఆ గడ్డలో ఏ కణానికైనా ఉంది. అలా నిద్రలో ఉన్న కణాల్లో ఒకదానికి తర్వాతెప్పుడో అసలైన మ్యుటేషన్ రావచ్చు, అప్పుడు తాత్కాలికం కాస్తా శాశ్వతమవుతుంది.

మందు చేరని చోట్లు కూడా కణాన్ని కాపాడతాయి. మెదడు, వెన్ను ద్రవంలోకి చాలా మందులు వెళ్ళవు, లుకేమియా పిల్లలకి వెన్నులో మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చేది అందుకే. పాంక్రియాస్ గడ్డల చుట్టూ నారలాంటి గట్టి కణజాలం పెరిగి రక్తనాళాలనే నొక్కేస్తుంది.

ఇన్ని దారులున్న శత్రువుని ఎలా గెలిచారన్నది కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే కొన్ని చోట్ల నిజంగా గెలిచారు. పైన లెక్క గుర్తు చేసుకుంటే, ఒక మందుకి లొంగని కణం పది లక్షల్లో ఒకటైతే, వేరువేరు పద్ధతుల్లో పనిచేసే రెండు మందులకీ ఒకేసారి లొంగని కణం లక్ష కోట్లలో ఒకటి. మూడు, నాలుగు మందులు కలిపితే అలాంటి కణం ముందే ఉండే అవకాశం దాదాపు లేదు. 1960ల్లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ పిల్లల లుకేమియాకి నాలుగు మందులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పిల్లలని చంపేస్తారా అన్నవాళ్ళు ఉన్నారు. ఈరోజు సంపన్న దేశాల్లో ఆ జబ్బు ఉన్న పిల్లల్లో నూటికి 90 మంది బతుకుతున్నారు. మందులు కొత్తవై కాదు, సుబ్బారావు నాటి మెథోట్రెక్సేట్, బిళ్ళగన్నేరు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ అందులో ఉన్నాయి. వాటిని కలిపిన తీరు, ఇచ్చిన కాలం మారింది.

కాలం అన్నది మన దగ్గర సరిగ్గా అర్థం కాని విషయం. పిల్లాడు బాగైపోయాడు, బడికి కూడా పోతున్నాడు, అయినా రెండు మూడేళ్ళ పాటు రోజూ 6-ఎంపీ మాత్ర, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ ఎందుకంటే, ఆ నిద్రపోతున్న కణాలు ఒక్కొక్కటిగా లేచినప్పుడల్లా మందు అక్కడ ఉండాలి కాబట్టి. అమెరికాలో పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, రాసిచ్చిన 6-ఎంపీలో నూటికి 95 వంతుల కంటే తక్కువ వేసుకున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెట్టింపు కంటే ఎక్కువ ఉంది. నెలకి రెండు మూడు రోజులు మర్చిపోవడం చిన్న విషయంలా కనపడుతుంది, కాదు. డబ్బు లేకనో, బస్సు ఛార్జీలకి వెనకాడో, కూలి పోతుందనో మధ్యలో ఆపేసే కుటుంబాలకి ఈ సంగతి ఆసుపత్రిలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి, మందుల చీటీ మీద రాసిచ్చి పంపితే సరిపోదు.

నయం చేయగలిగే క్యాన్సర్ల లెక్క ఇది. బాగా పాకిపోయి నయం కాదని తెలిసిన క్యాన్సర్లలో మాత్రం ఇంకో ఆలోచన నడుస్తోంది, అది పత్తి రైతులకి సులువుగా అర్థమవుతుంది. బీటీ పత్తి ప్యాకెట్‌తో పాటు ఒకప్పుడు 120 గ్రాముల నాన్-బీటీ విత్తనాలు విడిగా ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. బీటీకి లొంగే పురుగులు కొన్ని బతికి ఉంటే, లొంగని పురుగుల సంతతి పలచబడుతుందని దాని ఉద్దేశం. ఎక్కువమంది వేయలేదు, గులాబీ రంగు పురుగు బీటీని దాటేసింది. ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో రాబర్ట్ గేటెన్‌బీ 2009లో సరిగ్గా పురుగుమందుల అనుభవాన్నే ముందుపెట్టి అడిగాడు: గడ్డని పూర్తిగా చంపలేమని తెలిసినప్పుడు, లొంగే కణాలన్నిటినీ చంపేసి లొంగనివాటికి చేనంతా అప్పగించడం దేనికని. పంపు నడపడానికి ఏటీపీ ఖర్చు, వందల జీన్ కాపీలు మోయడం బరువు, కాబట్టి మందు లేని రోజుల్లో లొంగే కణాలదే పైచేయి. ఆయన బృందం ప్రోస్టేట్ క్యాన్సర్ పేషెంట్లలో అబిరాటెరోన్ అనే హార్మోన్ మందుని, జబ్బు ఎంతుందో రక్తంలో చూపించే పీఎస్ఏ అంకె సగానికి పడగానే ఆపి, మళ్ళీ మొదటి అంకెకి చేరినప్పుడు మొదలుపెట్టి చూసింది. 2017లో వచ్చిన తొలి ఫలితాల్లో మామూలు మోతాదులో సగం కంటే తక్కువ మందుతోనే జబ్బు మామూలుకంటే ఎక్కువ కాలం అదుపులో ఉంది. పదకొండు మంది పేషెంట్ల చిన్న ట్రయల్ అది, పెద్ద ట్రయల్స్ తేల్చాల్సింది చాలా ఉంది. దీన్ని చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా మందు ఆపకూడదు, నయమయ్యే లుకేమియాలో అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

తిరగబెట్టినప్పుడు డాక్టర్‌ని అడగాల్సినవి ఈ జీవశాస్త్రం లోంచే వస్తాయి. అండాశయ క్యాన్సర్‌లో చివరి ప్లాటినం డోసు తర్వాత ఎన్ని నెలలకి తిరిగొచ్చింది? ఆరు నెలల లోపైతే ఆ మందుకి లొంగని కణాలు నిండాయని, అంతకంటే చాలా ఆలస్యమైతే మిగిలినవాటిలో లొంగేవే ఎక్కువని స్థూలంగా అనుకుంటారు, అప్పుడు అదే ప్లాటినం మళ్ళీ పనిచేసే అవకాశం ఉంది, కాబట్టి "ఆ మందు ఒకసారి అయిపోయింది కదా" అని కొట్టిపారేయనక్కర్లేదు. రెండోది, కొత్తగా వచ్చిన గడ్డ నుంచి మళ్ళీ బయాప్సీ తీస్తారా అన్నది. రెండేళ్ళ కిందటి ముక్క మీద చేసిన జీన్ రిపోర్ట్ అప్పటి కణాల గురించి చెబుతుంది, వాటిలో ఎక్కువ భాగం కీమోకి చచ్చిపోయాయి. ఇప్పుడు ఒంట్లో ఉన్నవి వేరు.